మార్క్‌డౌన్, ఆర్గ్, సీఎస్‌వీ: మూడింటికీ ఒకే ఐడీ

విశాఖ చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాల మీద నోట్సు రాసుకుంటుంటే వివరాలు మార్క్‌డౌన్‌లో (తేలిక గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్ ఫైలు), చేయాల్సిన పనులు ఆర్గ్‌లో (ఈమాక్స్ ఎడిటర్ నోట్సు రూపం), ఫోటోల జాబితా సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన పట్టిక) పోగవుతాయి. వీటి మధ్య లింకులకి ఫైలు పేరునో శీర్షికనో వాడితే నిలవవు. తొట్లకొండ ఒక చోట 'తోట్లకొండ' అవుతుంది. 2022లో అనకాపల్లి జిల్లా వచ్చాక బొజ్జన్నకొండ ఫోల్డరు వేరే చోటికి పోతుంది.

ప్రతి అంశానికీ మారని ఐడీ ఇవ్వండి: ఒక చిన్న ఇంగ్లిష్ అక్షరం, వెనకే తేదీకి 8 అంకెలు, సమయానికి 4. ముందు అక్షరం తప్పనిసరి. ఉత్త 12 అంకెలైతే ఎక్సెల్ వాటిని సంఖ్య అనుకుని ఘాతాంక రూపంలో చూపిస్తుంది, సీఎస్‌వీలో సేవ్ చేసినప్పుడు ఆ రూపాన్నే రాసేస్తుంది. అసలు అంకెలు ఇక తిరిగి రావు. అండర్‌స్కోర్, హాష్ వద్దు. నోట్సుని అచ్చుకి కూర్చే లేటెక్‌లో రెండూ ఇబ్బంది పెడతాయి.

మార్క్‌డౌన్‌లో శీర్షిక కింద విడి లైనులో ఐడీ రాస్తే చాలు. ఆర్గ్‌లో ఐడీ రాసే ప్రాపర్టీస్ డ్రాయర్ (అంశం వివరాలు పెట్టే చిన్న భాగం) శీర్షికని ఆనుకునే ఉండాలి, మధ్యలో మామూలు వాక్యం వస్తే ఆర్గ్ దాన్ని గుర్తించదు. సీఎస్‌వీలో రెండో కాలమ్ మేలు: మొదటి కాలమ్ పేరుకి కంటికి కనిపించని బీఓఎం (ఫైలు మొదట్లో ఉండే యూనికోడ్ గుర్తు) అంటుకోవచ్చు, విండోస్ ఫైలైతే చివరి కాలమ్‌కి క్యారేజ్ రిటర్న్ (లైను చివరి గుర్తులో ఒక భాగం) అంటుకోవచ్చు.

తెలుగు పదాన్నే ఐడీగా ఎందుకు పెట్టకూడదు? 'వైజాగ్'లోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా (0సీ48) ఉండొచ్చు, ఎత్వం (0సీ46), ఐత్వపు గుర్తు (0సీ56) రెండూ కలిసీ ఉండొచ్చు. చూపుకి ఒకటే, ఫైళ్లలో వెతికే గ్రెప్ కమాండుకి వేరు. ఎన్ఎఫ్‌సీకి (ఇలాంటి జంటలని ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపం) మారిస్తే ఇది సర్దుకుంటుంది. 'స్టీల్‌ప్లాంట్' మధ్యలో దాక్కున్న జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) మాత్రం ఎన్ఎఫ్‌సీతో పోదు, విడిగా తీసేయాలి.

తనిఖీ వారానికోసారైనా తప్పదు. ఐడీలు ఇచ్చిన లైన్ల నుంచి ఐడీలని మాత్రమే గ్రెప్‌తో లాగి, సార్ట్ చేసి, యూనిక్ కమాండుకి డీ ఆప్షన్ ఇస్తే రెండుసార్లు వాడినవి బయటపడతాయి. యూనిక్ పక్కపక్క లైన్లనే పోలుస్తుంది కాబట్టి ముందు సార్ట్ చేయాలి. తర్వాత లింకుల్లో వాడిన ఐడీల జాబితాని, రెండు జాబితాల తేడా చూపే కామ్ కమాండుతో, ఇచ్చిన ఐడీల జాబితాకి పోల్చండి, తెగిన లింకులు తేలతాయి. రెండు జాబితాలనీ ఒకే లొకేల్‌లో (భాష, అక్షర క్రమం సెట్టింగు) సార్ట్ చేయాలి, లేకపోతే కామ్ తప్పు చెబుతుంది.

ఒక నోటుని రెండు చేస్తే పాత ఐడీ మొదటి భాగానికే ఉంచి, రెండోదానికి కొత్తది ఇవ్వండి.