కాలుష్యాసురుడు తన్నిన భూగోళం

పర్యావరణం మీద స్కిట్ వేసి, ఆ స్కిట్ మిగిల్చిన చెత్త ఏరడానికి రెండు గంటల పాటు గడ్డిలో మోకాళ్ల మీద పాకిన బ్యాచ్ మాది. అప్పట్లో ఈ సంగతి బయట ఎక్కడా చెప్పుకోలేదు. మేం పోస్ట్ చేసిన రీల్‌లో అదేమీ లేదు కదా. అందులో ఉన్నది ముప్పై సెకన్లు: డ్రమ్ము మోత, నినాదం, ఆకుపచ్చ టీషర్టులు, చివర్లో ఒకమ్మాయి భూగోళాన్ని గుండెకి హత్తుకుని ఏడవడం. లైకులు బాగానే పడ్డాయి.

ఆ భూగోళం గురించే చెప్పాలి. డ్రామా క్లబ్‌కి స్క్రిప్ట్ రాసిందీ నేనే, మీడియా క్లబ్ తరఫున కెమెరా పట్టుకుందీ నేనే (అటెండెన్స్ కలుస్తుందంటే ఇంకో రెండు పనులు కూడా నెత్తిన వేసుకునే రకం). రిహార్సల్స్‌లో భూమి అంటే ఒక పాత రబ్బరు బంతి. అందరికీ అర్థమయ్యేది, ఏ ఇబ్బందీ లేదు. కానీ కెమెరాలోంచి చూస్తే నిమ్మకాయంత కనిపిస్తోంది. "ఫ్రేమ్ నిండట్లేదు, పెద్దది చేయించండి" అన్నాను. అంతే, కొత్త థర్మోకోల్ షీట్లు కొనుక్కొచ్చి, ఒకదాని మీద ఒకటి అంటించి, గుండ్రంగా కోసి, నీలం స్ప్రే పెయింట్ కొట్టారు. పెయింట్‌లోని సాల్వెంట్‌కి థర్మోకోల్ కరిగిపోతుందని ఎవరికీ తెలీదు, మా కళ్ల ముందే గుంటలు పడటం మొదలైంది. "ఇదిగో ఓజోన్ రంధ్రం" అన్నాడు ఒకడు. ఆ గుంటల్ని కాగితంతో పూడ్చి, మామూలు పోస్టర్ కలర్ వేసి, ఖండాలు గీశారు. ఆస్ట్రేలియా గీయడం మర్చిపోయారు, అది వేరే సంగతి.

ఇక వెనకాల "ప్లాస్టిక్‌ని తరిమికొడదాం" అని పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అంటే పీవీసీ, పీవీసీ అంటే ప్లాస్టిక్. అంతమందిలో ఒక్కరికైనా ఆ మాట తట్టలేదంటే నమ్మండి.

స్కిట్ మామూలుగా అయిపోయింది, చప్పట్లు కొట్టాల్సిన చోట కొట్టారు. తంటా ఆ తర్వాత వచ్చింది. కాలుష్యాసురుడు భూమిని తన్నే షాట్‌లో ఫోకస్ పోయిందని, జనం వెళ్లిపోయాక మళ్లీ తన్నించాను. రెండోసారి డ్రమ్ము వాడు ఫ్రేమ్‌లోకి వచ్చాడు. మూడోసారి భూమి పగిలింది, సరిగ్గా అప్పుడే గాలి కూడా వీచింది.

థర్మోకోల్ అంటే ఉబ్బించిన పాలీస్టైరీన్ పూసలు, అందులో 95 శాతానికి పైగా గాలే. పగిలితే ఆ పూసలన్నీ విడివిడిగా లేచిపోతాయి. చీపురు పెడితే రాపిడికి స్టాటిక్ కరెంటు పుట్టి చీపురుకే అతుక్కుంటాయి. చేత్తో తీస్తే వేళ్లకి, విదిలిస్తే మోచేతికి, అక్కణ్ణించి చొక్కాకి. ఊదితే వెళ్లి ఇంకో గడ్డి దుబ్బులో కూర్చుంటాయి. మేం అలా కుస్తీ పడుతుంటే మా బ్లాక్ ఊడ్చే అక్క కాసేపు నిలబడి చూసి, లోపలికెళ్లి ఒక తడిగుడ్డ తెచ్చింది. "తుడవకండి బాబూ, అద్దండి" అంది. అద్దితే వచ్చేశాయి, నీలంవి, తెల్లవి, గుడ్డ నిండా. ఇంజనీరింగ్ చదువుతున్న ఏడుగురికి తోచలేదు అది. పోతూ పోతూ, "మళ్లీ ఎప్పుడు బాబూ ఈ ప్రోగ్రాం? ముందే చెప్పండి, ఆ రోజు సెలవు పెట్టుకుంటా" అంది. నవ్వుతూనే అంది, కానీ మాకు నవ్వు రాలేదు.

ఇలాంటి ఘనకార్యం మేమొక్కళ్లమే చేయలేదని తర్వాత తెలిసింది. 1970 ఫిబ్రవరిలో అమెరికాలో శాన్ హోసే స్టేట్ కాలేజీ విద్యార్థులు కాలుష్యానికి నిరసనగా ఒక కొత్త ఫోర్డ్ మావెరిక్ కారు కొని, ఊరేగింపుగా తోసుకెళ్లి, క్యాంపస్‌లో గొయ్యి తీసి పాతిపెట్టారు. కొత్త కారు! అక్కడి నల్లజాతి విద్యార్థులు మాత్రం, ఆ డబ్బు పేదల బస్తీల కోసం ఖర్చు పెట్టొచ్చు కదా అని గట్టిగా నిలదీశారు. నాకు ఆ గొయ్యి కంటే ఆ నిలదీతే ఎక్కువ పర్యావరణ స్పృహలా అనిపిస్తుంది.

రెండు నెలలకే, ఏప్రిల్ 22న, మొదటి ధరిత్రీ దినోత్సవం. అది కూడా క్యాంపస్‌ల చుట్టూ తిరిగిన వ్యవహారమే. 1969లో శాంటా బార్బరా దగ్గర సముద్రంలో చమురు ఒలికింది, అది చూసి సెనేటర్ గేలార్డ్ నెల్సన్ దేశమంతా ఒక రోజు కాలేజీల్లో దీని మీద చర్చలు పెట్టిద్దామన్నారు. నడిపించే బాధ్యత డెనిస్ హేస్ అనే పాతికేళ్ల కుర్రాడికి ఇచ్చారు. ఆ తేదీనే ఎందుకు పెట్టారంటే, వసంతకాలపు సెలవులకీ ఫైనల్ పరీక్షలకీ మధ్యలో పడుతుందని. మేం కూడా మిడ్ ఎగ్జామ్స్ అయిపోయిన వారమే చూసుకున్నాం లెండి. కాకపోతే వాళ్లకి 2 కోట్ల మంది వచ్చారు, మాకు వచ్చినవాళ్లలో సగం మంది మా రూమ్‌మేట్లే.

తర్వాతి సెమిస్టర్‌లో మా సీనియర్ ఒకరు ఫోరం థియేటర్ గురించి చెప్పారు. బ్రెజిల్‌కి చెందిన అగస్తో బోవాల్ 1970ల్లో తయారుచేసిన పద్ధతి. ఒక సమస్యని పరిష్కారం చూపించకుండా ఆడతారు, మళ్లీ మొదటి నుంచి ఆడతారు, ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి, పాత్రధారిని పక్కకి జరిపి, తను ఉంటే ఏం చేసేవారో చేసి చూపిస్తారు. మాకు నచ్చింది ఒక్కటే, సెట్ అక్కర్లేదు. క్యాంటీన్ ముందు రెండు కుర్చీలు, ఒక పేపర్ కప్పు. కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే తడికి మెత్తబడిపోతుంది, ఆ పూత వల్లే దాన్ని రీసైకిల్ చేయడం కష్టం. అది తెలిసిన స్టూడెంట్ స్టీల్ గ్లాసు అడుగుతాడు, క్యాంటీన్ వాడు లేదంటాడు. సీన్ అంతే.

రెండోసారి ఆడుతుంటే "ఆపండి" అన్నది ఏ విద్యార్థీ కాదు, క్యాంటీన్‌లో పనిచేసే అతనే. వచ్చి మా క్యాంటీన్ పాత్రధారిని లేపి, ఆ కుర్చీలో కూర్చుని, "ఇస్తా. మరి కడిగేదెవరు? సింకు దగ్గర నేనొక్కణ్ణే, ఇంటర్వెల్ పది నిమిషాలు, మీరు మూడొందల మంది" అన్నాడు. మా స్టూడెంట్ పాత్రధారి దగ్గర డైలాగ్ లేదు. ఎవరో వెనక నుంచి "ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కుంటే?" అన్నారు, ఇంకెవరో "నీళ్లెక్కడున్నాయ్?" అన్నారు, ఇక అక్కణ్ణించి నలభై నిమిషాలు అరుపులే. నేను షూట్ చేసింది మొత్తం వీపులూ, చేతులూ. ఆడియోలో ఒక్క మాట అర్థం కాదు. పదిహేను సెకన్ల రీల్ కూడా కోయలేకపోయాను.

ఇప్పుడు క్యాంటీన్ బయట ఒక కుళాయి, ఒక సబ్బు గిన్నె ఉన్నాయి. కడుక్కునేవాళ్లం రోజుకి ఇరవై మందిమి ఉంటామేమో, వర్షం పడితే అదీ లేదు. మిగతావాళ్లది కప్పే.

ఆ రెండో షోకి అక్కకి తేదీ ముందే చెప్పాం. సెలవు పెట్టలేదు. వచ్చి, చీపురు గోడకి ఆనించి, కాసేపు నిలబడి చూసి, నేల మీద ఏమీ పడలేదని చూసుకుని, పనుందంటూ మధ్యలోనే వెళ్లిపోయింది.