ఐర్లండ్ రాజుల చార్ట్: మూడో షీటూ పోయింది

ఐర్లండ్ రాజుల వంశవృక్షాన్ని చేత్తో గీస్తున్న మూడో ఏ1 షీట్ (పెద్ద సైజు కాగితం) కూడా చెడగొట్టాను. అదీ 2 మిల్లీమీటర్ల దగ్గర!

734 నుంచి 862 దాకా తారా రాజులు (ఐర్లండ్ మీద పెద్దరికం చెప్పుకునే రాజులు) ఏ పేచీ పెట్టకుండా కూర్చున్నారు. ఒకే రాజవంశంలో రెండు శాఖలు: ఎడమ ఎర్ర వరసలో ఉత్తరాది కెనేల్ నోగన్, కుడి నీలం వరసలో నడిమి మీథ్ వైపు క్లాన్ ఖొల్మాన్. తంటా అంతా ఆ తర్వాతి ఆడవాళ్లతో.

నీలం రాజు మాయెల్ షెఖ్‌నల్ భార్య లాండ్, ఎర్ర రాజు ఆయ్ద్ ఫిన్‌లియత్‌నీ పెళ్లాడింది. ఆయ్ద్ 879లో పోయాక అతని మరో భార్య మాయెల్ ముయిర్యే, లాండ్ కొడుకు ఫ్లాన్ షిన్నను చేసుకుంది. ఆమెకు ఆయ్ద్ వల్ల పుట్టిన నియల్ గ్లూన్‌దువ్, ఫ్లాన్ కూతురు గోర్మ్‌లాను చేసుకున్నాడు. మన లెక్కలో అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లిమాటే ఎత్తరు!

రెండో షీట్ మీద ఈ గీతలు మగవాళ్ల గడుల మీదుగా పోయి వలలా తయారయ్యాయి. అందుకే ఈసారి ఆడవాళ్లకు నడుమ వేరే వరస ఇచ్చాను. వరసల మధ్య ఖాళీ 60 నుంచి 110 మి.మీ.కి పెంచాను. పని చేసింది, ఒక్క చోట తప్ప. మాయెల్ ముయిర్యే, ఫ్లాన్‌ల కొడుకు డోనల్ గీత, ఫ్లాన్ నుంచి గోర్మ్‌లాకు దిగే గీతను కోసేస్తోంది. ఏడాదికి 2.5 మి.మీ. చొప్పున, చనిపోయిన ఏటి దగ్గర గడి పెడుతున్నాను. 913, 916, 919, 921: మాయెల్ ముయిర్యే, ఫ్లాన్, నియల్, డోనల్, ఈ నాలుగు చావులు 20 మి.మీ.లో ఇరుక్కున్నాయి, గడి ఎత్తేమో 18.

డోనల్‌ను సవతి సోదరుడు డొనహద్ 921లో చంపాడు, డోనల్ రాజు కాలేదు. మరి రాజుల వరసలో ఎందుకు? నడుమ వరసకీ నీలం వరసకీ మధ్య సందులో పెడదామనుకున్నా. సందు 36, గడి 38. అప్పటికే సిరా పెట్టేశాను.

పెన్సిల్‌తో గీసి రెండు రోజులు ఆగాలి, నా తొందరే నా కొంప ముంచింది. సన్న గీతలకు మాత్రం రోట్రింగ్ 0.3 పెన్నును మించింది లేదు. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్ గ్రాంప్స్‌లో వివరాలు పెట్టుకోవడం హాయి, కానీ దాని చెట్టు బొమ్మ ఇలాంటి చిక్కుముడులకు నాకు నచ్చదు.

నాలుగో షీట్‌లో రాజు కానివాళ్లకు 28 మి.మీ. గడి, అటూ ఇటూ 4 మి.మీ. మిగులుతుంది. 944లో కోంగలహ్ వస్తాడు, అతనిది మూడో శాఖ. ఆకుపచ్చ సిరా కొనాలి. 1002లో బ్రియన్ బోరు ఏకంగా దక్షిణాది మన్‌స్టర్ నుంచి దిగుతాడు, అతనికి చోటు ఎక్కడో ఇప్పుడే వదిలిపెట్టాలి.