రెండో శనివారం: పెన్సిళ్లు, గోరుచిక్కుళ్లు, ఒక విమానం

రెండో శనివారం, బ్యాంకు లేదు. ఏడింటిదాకా పడుకోవచ్చని రాత్రే అనుకున్నాను గానీ ఆరున్నరకే హాల్లోంచి టీవీ మోత. అత్తయ్యగారు 'అన్నదాత' పెట్టుకుని కూర్చున్నారు. మా పొలం కౌలుకిచ్చి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మేం పండించేదల్లా బాల్కనీలో ఒక కరివేపాకు మొక్క, అదీ తెగుళ్లతో. అయినా ఈటీవీ వచ్చిన తొలిరోజుల నుంచీ ఆవిడకి పొద్దున కాఫీతో పాటు ఆ కార్యక్రమం పడాల్సిందే.

ఇవాళ పుట్టగొడుగుల పెంపకం. వరిగడ్డిని చిన్న ముక్కలుగా నరికి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, నీరు ఓడ్చి, పాలిథిన్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం వేసుకుంటూ పోతున్నాడు ఓ కుర్ర రైతు. అత్తయ్యగారు జన్మలో పుట్టగొడుగు నోట్లో పెట్టుకున్న మనిషి కాదు. కానీ ఊరుకోరుగా. "ఆ గడ్డి సరిగ్గా ఆరలేదమ్మాయ్, తడి ఎక్కువైంది. చూస్తూ ఉండు, కుళ్లిపోతుంది" అన్నారు. రెండు నిమిషాల్లో ఆ కుర్రాడే చెప్పాడు, గడ్డిని చేత్తో పిండితే నీటిబొట్టు పడకూడదు, తడి ఎక్కువైతే పచ్చబూజు పడుతుందని. అత్తయ్యగారు నా వైపు ఓ చూపు చూసి కాఫీ తాగారు. సీరియల్‌లో విలన్ దొరికిపోయినప్పుడు కూడా అంత తృప్తి ఆవిడ మొహంలో చూడలేదు.

నాకెందుకో 'విజ్ఞాన కార్యక్రమం' అనే పేరే ఈ కార్యక్రమాలకి పెద్ద శత్రువు అనిపిస్తుంది. ఆ పేరు పెట్టగానే పిల్లలు పారిపోతారు, పెద్దవాళ్లు "మంచిది, చూడాలి" అని తలూపి వేరే చానల్‌కి వెళ్లిపోతారు. మా ఇంట్లో మంచిదని ఎవరూ చూడం. తర్వాత ఏమవుతుందో తెలియక చూస్తాం, మధ్యలో తిట్టుకుంటాం, పందేలు కాస్తాం. 'ప్లానెట్ ఎర్త్' రెండో భాగంలో గలాపగోస్ దీవుల్లో అప్పుడే ఇసుకలోంచి బయటపడ్డ ఇగువానా పిల్లని పాములు గుంపుగా తరిమే ఘట్టం ఉంది చూడండి, అది వచ్చినప్పుడు అత్తయ్యగారు సోఫాలోంచి లేచి "పరిగెత్తు నాయనా, వెనక్కి చూడకు!" అని కేకేశారు. పక్క వాటావాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు.

పది గంటలకి గోరుచిక్కుళ్లు ముందేసుకుని కూర్చున్నాను. ఈనెలు తీయడం, తుంచడం, చేతులకి తప్ప బుర్రకి పని లేని వ్యవహారం. ఇలాంటప్పుడు వస్తువులు తయారయ్యే కార్యక్రమాలకి మించినవి లేవు. ఫ్యాక్టరీలో ఏదో ఒకటి తయారవుతూ ఉంటుంది, మాట్లాడే మనిషి కనిపించడు, ఏడుపులుండవు. ఇవాళ పెన్సిలు. ఆరో తరగతి చదివే మా బుజ్జిగాడు హోంవర్క్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పుస్తకం ఉంది కాబట్టి చదువుతున్నట్టే లెక్క.

వాడు ఇన్నాళ్లూ చెక్క పుల్లకి నిలువునా సన్నటి చిల్లు పొడిచి అందులోకి ములుకు దూరుస్తారనుకుంటున్నాడట. నిజం చెప్పాలంటే నేనూ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. గ్రాఫైట్ పొడి, బంకమన్ను, నీళ్లు కలిపి ముద్ద చేసి, సన్నటి రంధ్రంలోంచి ఒత్తితే పొడవాటి నల్ల పుల్లలు వస్తాయి. వాటిని ఆరబెట్టి, కొలిమిలో వెయ్యి డిగ్రీల దాకా కాల్చి, వేడి మైనంలో ముంచుతారు. ఆ మైనం వల్లే కాగితం మీద గీరుకోకుండా జారుతుంది. మన్ను పాలు ఎక్కువైతే గట్టి పెన్సిలు, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా నల్లగా రాసేది. ఇక చెక్క సంగతి. పలచటి పలక మీద వరసగా గాళ్లు తీసి, జిగురు రాసి, ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల పడుకోబెట్టి, పైన అలాంటిదే గాళ్లున్న ఇంకో పలక బోర్లించి గట్టిగా నొక్కుతారు. అది ఆరాక పైనించి కింద నుంచి మిషను కోసుకుంటూ పోతే ఒక్క పలకలోంచి వరసగా పెన్సిళ్లు విడిపోయి పడతాయి.

బుజ్జిగాడు ఒక్క ఉదుటున లేచి పెన్సిళ్ల డబ్బా తెచ్చి బోర్లించాడు. చెక్కని కొత్త పెన్సిలు మడమ వైపు కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే ఏమీ లేదు, రంగు కప్పేసింది. రెండు వైపులా చెక్కిన దాన్ని తిప్పితిప్పి చూశాం. చెక్క నునుపుగా ఉన్నచోట, నల్ల ములుకుకి రెండు పక్కలా వెంట్రుకవాసి గీత. గీతకి ఒక పక్క చెక్క చార ఒక తీరుగా, ఇంకో పక్క ఇంకో తీరుగా ఉంది. రెండు పలకలు! వాడు ఇంట్లో ఉన్న ప్రతి పెన్సిలుకీ ఆ గీత వెతికాడు. మన దేశంలో పెన్సిళ్లకి వాడే చెక్కలో చాలా భాగం కశ్మీర్‌లోని పుల్వామా జిల్లా నుంచి, ఉక్కూ అనే ఊరి చుట్టుపక్కల పెరిగే పోప్లర్ చెట్ల నుంచి వస్తుందని నేను చెబితే, దానికి పెద్దగా స్పందన రాలేదు. కంటికి కనబడ్డ గీత ముందు అమ్మ నోటి సమాచారం ఎంత!

మా చిన్నప్పుడు ఇన్ని చానళ్లెక్కడివి. దూరదర్శన్‌లో మధ్యాహ్నాలు కాలేజీ పిల్లల కోసం యూజీసీ వాళ్ల పాఠాలు ఇంగ్లిషులో వచ్చేవి, 1984లో మొదలైనవి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఒంటిపూట బడి రోజుల్లో అన్నం తింటూ లోలకం ఊగడం చూస్తూ ఉండేదాన్ని. 'సురభి' హిందీలో. అదీ అంతే, భాష రాదు, కానీ రేణుకా షహానే నవ్వు, సిద్ధార్థ్ కాక్ గడ్డం, ఏదో మారుమూల ఊళ్లో ఎవరో రాయి చెక్కుతుంటే ఆ చేతులు. చివర్లో ప్రశ్న అడిగేవాళ్లు. దేశమంతా గుట్టలు గుట్టలుగా కార్డులు రాసేది. చివరికి తపాలా శాఖ పోటీల కోసం విడిగా, ఎక్కువ ధరకి, వేరే కార్డు తెచ్చింది. నాన్న పావలా లోపు కార్డయితే కొనిచ్చేవారు గానీ ఆ కొత్త కార్డు దగ్గర మా విజ్ఞానానికి బ్రేకు పడింది.

'టర్నింగ్ పాయింట్'లో పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పే తెల్లజుట్టు ప్రొఫెసర్ యశ్‌పాల్ మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు. 1995 అక్టోబరు 24న, దీపావళి అమావాస్య గ్రహణం నాడు దూరదర్శన్ లైవ్‌లో ఆయనే వివరించారు. సంపూర్ణ గ్రహణం రాజస్థాన్ నుంచి బెంగాల్లో డైమండ్ హార్బర్ దాకా ఒక సన్నటి దారిలో మాత్రమే. మా వైపు పాక్షికమే. నాయనమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, తలుపులన్నీ బిడాయించి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. లోపల టీవీ ఉందిగా. నల్లటి బిళ్ల చివర ఒక్కచోట వెలుగు తళుక్కుమని ఉంగరంలో వజ్రంలా మెరిసినప్పుడు నాయనమ్మే ముందుకొచ్చి కూర్చుంది. "గ్రహణం వేళ తినకూడదన్నారు గానీ టీవీ చూడకూడదని ఏ శాస్త్రంలో ఉందే" అంది. గ్రహణం విడిచాక టీవీకి కూడా తలంటు పోస్తుందేమోనని మా భయం.

భోజనాలయ్యాక ఈయన నిద్రపోయారు. నేనూ అత్తయ్యగారూ 'ఎయిర్ క్రాష్ ఇన్వెస్టిగేషన్' పెట్టాం. తెలుగు డబ్బింగులో పైలట్‌కీ, దర్యాప్తు అధికారికీ, ఎయిర్‌హోస్టెస్ భర్తకీ ఒకటే గొంతు, దానికి అలవాటు పడిపోయాం. ఇవాళ కెనడా విమానం కథ. 1983 జులై 23, ఎయిర్ కెనడా బోయింగ్ 767, మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్‌కి. కొత్త విమానం. కెనడా అప్పుడప్పుడే పౌన్ల లెక్క వదిలి కిలోల్లోకి మారుతోంది. విమానంలో ఇంధనం చూపించే మీటరు పనిచేయడం లేదు, కాబట్టి ట్యాంకులో ఎంతుందో కింద నుంచి కొలపుల్లతో చూశారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లని కిలోల్లోకి మార్చేటప్పుడు 0.8తో గుణించాల్సింది, పాత అలవాటు కొద్దీ పౌన్ల లెక్క 1.77తో గుణించారు. వచ్చిన సంఖ్యని కిలోలనుకుని, తక్కువైనదాన్ని కూడా అదే లెక్కన నింపారు. అలా 22,300 కిలోలని నమ్మి 22,300 పౌన్లతో ఎగిరారు.

"అంటే మానిక అనుకుని తవ్వతో పోశారన్నమాట" అన్నారు అత్తయ్యగారు.

కొంచెం అటూ ఇటూగా సరిగ్గా అదే. మానికలో తవ్వ సగం, కిలోలో పౌను సగం కంటే కాస్త తక్కువ. దర్యాప్తు అధికారి బోర్డు మీద అంకెలు వేసి పది నిమిషాలు చెప్పినదాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. వాళ్ల నాన్నగారు కళ్లంలో ధాన్యం కొలిపించేటప్పుడు పక్కన కూర్చుని లెక్క పెట్టిన మనిషి. కొలపాత్ర మారితే కుటుంబాలు ఎలా విడిపోతాయో కూడా చెప్పారు గానీ అది ఇక్కడ రాయకూడదు.

41,000 అడుగుల ఎత్తులో ఒక ఇంజన్, కాసేపటికి రెండోదీ ఆగిపోయాయి. 61 మంది ప్రయాణికులు, 8 మంది సిబ్బంది. దిగాలనుకున్న విన్నిపెగ్ విమానాశ్రయం చేరేంత ఎత్తు మిగల్లేదు. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి సరదాగా గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. కో-పైలట్ ఒకప్పుడు వాయుసేనలో గిమ్లీ అనే చోట పనిచేశాడు, అక్కడ రన్‌వే ఉందని గుర్తొచ్చింది. ఆ వైమానిక స్థావరం మూతపడిందనీ, రన్‌వే మీద ఆ రోజు కార్ల పందేలు జరుగుతున్నాయనీ తెలియదు. ఇక్కడ ప్రకటనలు.

ప్రకటనల తర్వాత మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొస్తారు చూడండి, దానికి నాకు ఒళ్లు మండుతుంది. మూడు నిమిషాల్లో మేమేం మరిచిపోం. గంట కార్యక్రమంలో అసలు విషయం అరగంట, మిగిలినదంతా "ఇంతకుముందు చూశారు, ఇకముందు చూడబోతున్నారు". ఆ సంగీతం ఒకటి, పెన్సిలు తయారీకి కూడా హత్య జరగబోతున్నట్టు.

సరే, విమానం. ఇంజన్ల చప్పుడు లేకుండా దిగుతోంది, ఎత్తు మాత్రం ఎక్కువైంది. పియర్సన్ గ్లైడర్ల కిటుకే వాడి విమానాన్ని ఓరగా తిప్పి, గాలికి అడ్డంగా జార్చి ఎత్తు తగ్గించాడు. రన్‌వే మీద సైకిళ్లు తొక్కుకుంటున్న పిల్లలు కనబడ్డారు. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. ముందు చక్రం గట్టిగా పడక మడతపడి, ముక్కు నేలకి రాసుకుంది. ఆ రాపిడి వల్లే తొందరగా ఆగింది కూడా. ఎవరికీ ప్రాణాపాయం లేదు. దిగేటప్పుడు కొందరికి చిన్న దెబ్బలు, అంతే. ఆ విమానాన్నే బాగుచేసి 2008 దాకా నడిపారట. "మన స్కూటర్ అమ్మేద్దామంటాడు మీ ఆయన" అన్నారు అత్తయ్యగారు.

నిద్ర లేచి వచ్చిన ఈయనకి మొత్తం చెప్పబోతే క్రికెట్ పెట్టేశారు.

రాత్రి అన్నాలయ్యాక అత్తయ్యగారు అమలాపురంలో ఉన్న చెల్లెలికి ఫోను చేశారు. ముందు మోకాళ్ల నొప్పులు, తర్వాత కొబ్బరి ధరలు, ఆ తర్వాత విమానం. నేను గిన్నెలు సర్దుతూ విన్నాను. ఆవిడ కథలో విమానం మాంట్రియల్ నుంచి కాదు, అమెరికా నుంచి బయల్దేరింది. ప్రయాణికులు రెండొందల మంది. కొలపుల్ల పట్టుకున్నవాడు కొత్తగా చేరిన కుర్రాడు, పైగా ఆ రోజు వాడికి పెళ్లి చూపులు. తవ్వా మానికా మాత్రం అలాగే ఉన్నాయి. అవతల పిన్నిగారు "అయ్యో, అయ్యో" అంటున్నారు.

మధ్యలో ఫోను చేత్తో మూసి నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఆ రెండో పైలట్ పేరేమన్నాడు?"

"క్వింటాల్ అండీ. మారీస్ క్వింటాల్."

"ఆహా!" అన్నారు. ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, "విన్నావుటే చిన్నీ, కిలోకీ పౌనుకీ తేడా తెలియని విమానంలో క్వింటాల్‌ని కూర్చోబెట్టారట!"