కాలువ నీటి పరీక్ష: కూల్‌డ్రింక్ సీసాతో నేను పడిన పాట్లు

బెంగళూరులో కెంగేరి దాటాక, మురుగు కాలువలా మారిన వృషభావతి నది పక్కన మా బావమరిదికీ నాకూ కలిపి ఒక చిన్న నర్సరీ ఉంది. ఈ ఏడు టమాటా, మిరప నారు రెండాకుల దశలోనే కాడ మొదట్లో మెత్తబడి, తెల్లవారేసరికి ట్రేలకు ట్రేలు ఒరిగిపోవడంతో, నగరపు మురుగునూ పీణ్య పరిశ్రమల వ్యర్థాలనూ మోసుకొచ్చే ఆ నీటిని, నారుకు పోసేది అదే కనుక, రసాయనాలకూ బూజుకూ పరీక్ష చేయించక తప్పలేదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబును వెతకడం, ధర కనుక్కోవడం ఒక పూటలో అయిపోయాయి.

పరువు పోయింది సీసాల దగ్గర. "రెండు లీటర్లు తీసుకురండి" అని ఫోనులో చెప్పినవారు దేనిలో పట్టాలో చెప్పలేదు. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాను కడిగి నింపుకుని వెళ్తే, కౌంటరులోని మనిషి దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి, "ఏన్ సార్ ఇదు, జ్యూసా?" అన్నాడు, వరసలో ఉన్నవారంతా నవ్వారు. వాళ్లిచ్చిన సీసాలతో రెండోసారి వెళ్లినప్పుడు, రసాయన పరీక్ష సీసాలాగే బూజు పరీక్ష సీసానూ కాలువ నీటితో మూడుసార్లు జాడించానని గొప్పగా చెప్పి, మళ్లీ వెనక్కి వచ్చాను. బూజు వంటి సూక్ష్మజీవుల పరీక్ష సీసాను జాడించకూడదు. మూత లోపలి వైపు వేలు తగలనీయకూడదు. మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి జానెడు లోతున ముంచి, పైన కాస్త ఖాళీ వదిలి, ఐసు పెట్టెలో 24 గంటలు దాటకుండా చేర్చాలి. లోహాల సీసాలో మాత్రం పీహెచ్ 2 కంటే తగ్గేలా నైట్రిక్ ఆమ్లం వేస్తారు. ఈ నాలుగు మాటలు కాగితం మీద అచ్చు వేసి ఇవ్వడానికి వారికేం అడ్డమో నాకు ఇప్పటికీ తెలియదు. మూడోసారి అదే మనిషి నా సీసాలను వెనకనున్నవారికి చూపించి, ఇలా తేవాలన్నాడని కూడా చెప్పుకోవాలి.

నివేదికలో లవణాలు ఎక్కువని తేలింది. బూజు లెక్క ఎదురుగా ఒక అంకె, హద్దు గడిలో ఒక గీత ఉన్నాయి. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500లోనే బూజుకు అంకె రూపంలో హద్దు లేదట. పైగా నారుకుళ్ళు తెచ్చే పిథియం అసలైన శిలీంధ్రమే కాదనీ, మామూలు బూజు లెక్కలో అది బయటపడకపోవచ్చనీ, దోసకాయ ముక్కల వంటివి ఎరగా వేసి పట్టాలనీ అక్కడి సూక్ష్మజీవ నిపుణురాలు డబ్బు కట్టిన తర్వాత చెప్పారు. కాబట్టి నారు కోసం వెళ్లేవారు ముందు తెగులు పేరు చెప్పి, ఆ పరీక్ష చేస్తారో లేదో అడగండి.

ఎల్లుండి ఒరిగిన నారును వేళ్లతో సహా జీకేవీకేకు (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి) తీసుకెళ్తున్నాను. నీరు ఏ సీసాలో తేవాలో ఈసారి ముందే అడిగాను.