తీగను లాగే చెయ్యి

1992 వేసవి సెలవుల్లో, ఓడ ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చిన మా మామయ్య తన సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టారు. అప్పట్లో మేము విశాఖపట్నం మహారాణిపేటలో ఉండేవాళ్ళం. ఇంట్లో ఉన్న ఒక్క టేప్ రికార్డర్‌లో పొద్దున సుప్రభాతం, సాయంత్రం సినిమా పాటలు తప్ప మరొకటి మోగిన గుర్తు లేదు. "ఒరేయ్, ఇందులో పాటగాడి కోసం వెతక్కు. గిటారే పాడుతుంది, విను," అన్నారు మామయ్య. ఆ క్యాసెట్ ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ 1975లో విడుదల చేసిన 'బ్లో బై బ్లో'.

మొదటి వైపు విన్నంతసేపూ నాకు వేగమే వినిపించింది. రెండో వైపు తిప్పగానే మొదలయ్యే 'కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్' దగ్గర మాత్రం అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకుంది. పాట సగంలో ఉండగా, "ఎవర్రా ఆ వాయించేది?" అని అడిగింది. ఎవరో ఇంగ్లండ్ ఆయన అన్నాను. "ఏ దేశమైతేనేం, తీగను లాగే చెయ్యి తెలిసిన మనిషి," అంది. జెఫ్ బెక్ గురించి నేను తర్వాత ఎంత చదివినా, ఆయన వాయిద్యంలోని కీలకాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు.

వీణ మీద మెట్టు ఒక స్వరస్థానాన్ని ఇస్తుంది, కానీ అదే మెట్టు మీద తీగను పక్కకు లాగితే పై స్వరం పలుకుతుంది. రాగం ప్రాణమంతా ఆ రెండింటి నడుమ దారిలో ఉంటుంది. రాక్ గిటారిస్టులు కూడా అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతం నుంచి నేర్చుకుని తీగను వంచుతారు. అయితే వారిలో చాలామందికి చేరవలసిన స్వరమే ముఖ్యం, చేరుకోగానే అక్కడ గట్టిగా నిలబడతారు. బెక్‌కు దారే సంగీతం. ఆ పాట మొదట్లో ఒక్కో స్వరం మీటిన చప్పుడు లేకుండా, నిశ్శబ్దంలోంచి ఊపిరిలా పుట్టి, పెరిగి, కొంచెం వణికి, తల వంచుకుని వెళ్ళిపోతుంది. స్టీవీ వండర్ రాసిన ఆ బాణీని అంతకుముందు సిరీటా అనే గాయని పాడారు. బెక్ దాన్ని మాటలు తీసేసి వాయించారు, రాయ్ బ్యుకానన్ అనే గిటారిస్టుకు అంకితమిచ్చారు. బీటిల్స్ రికార్డులకు రూపమిచ్చిన జార్జ్ మార్టిన్ నిర్మాతగా ఉన్న ఆ ఆల్బమ్, పాటగాడు లేకుండానే అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్ళింది.

బెక్ 1944 జూన్ 24న లండన్‌కు దక్షిణాన ఉన్న వాలింగ్టన్‌లో పుట్టారు. 1965లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ యార్డ్‌బర్డ్స్ అనే రాక్ బృందాన్ని వదిలి వెళ్ళినప్పుడు, ఆ చోటుకు మిత్రుడు జిమ్మీ పేజ్ సిఫారసుతో బెక్ వచ్చారు. అదే సంవత్సరం 'హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్' రికార్డింగ్‌కు ఆ బృందం మొదట ఒక సితార్ వాద్యకారుణ్ణి పిలిపించుకుంది. సితార్ నాదం ఆ వాయిద్యాల హోరులో పల్చబడిపోవడంతో, బెక్ గిటార్‌ను, నాదాన్ని గరుకుగా మార్చే ఫజ్ పెట్టె గుండా పంపించి, తీగలు వంచి, ఆ పలుకునే తన వేళ్ళతో తెచ్చి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవయ్యో, ఇరవై ఒకటో. మన సంగీతం ఆయన నేర్చుకోలేదు. విన్న నాదాన్ని చేతిలోకి తెచ్చుకోవడం మాత్రం అప్పుడే తెలుసు.

నా అభిమానం గౌరవంగా మారింది ఆయన చెయ్యి ఎలా పనిచేస్తుందో చూసిన తర్వాతే. 1980ల మొదట్లో బెక్ తీగలు మీటే చిన్న బిళ్ళ, అంటే పిక్, వదిలేసి వేళ్ళతోనే మీటడం మొదలుపెట్టారు. 2007 చివర్లో లండన్ సోహోలోని రానీ స్కాట్స్ అనే చిన్న జాజ్ క్లబ్‌లో ఆయన ఇచ్చిన కచేరీల వీడియోలో ఆ కుడి చెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. బొటనవేలు తీగను మీటుతుంది. అదే సమయంలో చిటికెనవేలు ఆయన స్ట్రాటోకాస్టర్ గిటార్ వాల్యూమ్ నాబ్ చుట్టూ మెలిపడి, మీటిన క్షణంలో శబ్దాన్ని మూసి, ఆ వెంటనే తెరుస్తుంది. మిగిలిన వేళ్ళకూ అరచేతికీ అందేంత దూరంలో ట్రెమోలో బార్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. బార్‌ను నొక్కితే తీగలన్నీ సడలి శ్రుతి దిగుతుంది, పైకి లాగితే బిగుసుకుని శ్రుతి ఎక్కుతుంది. చాలామంది చేతుల్లో ఆ బార్ విమానం కూలుతున్నట్టు హోరు పుట్టించే సాధనం. బెక్ చేతిలో అది అమ్మ వీణ తీగను లాగిన వేలు. అన్నిసార్లు సడలి బిగిసినా తీగ తిరిగి తన శ్రుతికే రావడానికి, మెడ చివర తీగలు ఆనే చోట చిన్న చిన్న రోలర్లున్న నట్ ఆయన గిటార్‌కు ఉండేది.

ఈ పద్ధతికి శిఖరం 1989 నాటి 'గిటార్ షాప్' ఆల్బమ్‌లోని 'వేర్ వర్ యూ'. బల్గేరియా స్త్రీల బృందగానం విన్న ప్రేరణతో చేసిన రచన అది. తీగను ఫ్రెట్ మీద, అంటే గిటార్ మెట్టు మీద, అదమకుండా వేలి కొసతో తాకి హార్మోనిక్స్ అనే పై స్వరాలు పలికించి, ఆ సన్నని గంటల్లాంటి స్వరాలను కేవలం బార్‌తో కిందికీ పైకీ నడిపిస్తూ రాగం కడతారు. అక్కడ ఫ్రెట్ సాయం లేదు. బార్ వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే అపశ్రుతే. చెవి ఒక్కటే ఆధారం. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక పాత గిటార్ కొనుక్కుని నేను ఇది ప్రయత్నించాను. మూడోసారి బార్ నొక్కేసరికి ఆరు తీగలూ ఆరు దిక్కులు పట్టాయి, నాలుగోసారికి సన్న తీగ తెగి మణికట్టు మీద గీరుకుపోయింది. ఆ రోజే నాకు ఆయన సాధన ఎంతటిదో కొంత అర్థమైంది.

అన్ని ఆల్బమ్‌లూ నాకు సమానంగా నచ్చవు. 1985 నాటి 'ఫ్లాష్'లో ఆయన ఎవరి కోరికనో తీరుస్తున్నట్టు అనిపిస్తుంది. నెలల తరబడి గిటార్ పక్కన పెట్టి, పాత కార్లను విప్పి, వేగంగా పరిగెత్తే హాట్ రాడ్లుగా బిగించుకుంటూ గడిపేవారని చదివినప్పుడు మొదట బాధపడేవాణ్ణి. ఇప్పుడు అలా అనిపించడం లేదు. వాయించాలనిపించినప్పుడే వాయించిన మనిషి కాబట్టే ఆ స్వరాల్లో పాతబడిన అలవాటు వినిపించదు.

2001లో వచ్చిన 'యూ హ్యాడ్ ఇట్ కమింగ్' ఆల్బమ్‌లో 'నదియా' ఉంది. బ్రిటిష్ సంగీతకారుడు నితిన్ సాహ్నీ చేసిన ఈ పాటను 1999లో స్వాతి నాటేకర్ హిందుస్తానీ శైలిలో పాడారు. బెక్ ఆమె గొంతులోని ప్రతి మలుపునూ, ప్రతి చిన్న జారునూ గిటార్ మీదకు తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను వందసార్లైనా విని ఉంటాను. అనుకరణ అనే మాట దానికి చాలదు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ ఆయన కూడా తీగకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చారు.

2023 జనవరి 10న, మెదడు పొరలకు సోకిన బ్యాక్టీరియా వ్యాధితో ఆయన 78 ఏళ్ళ వయసులో మరణించారు. వార్త తెలిసిన రాత్రి నేను మామయ్యకు ఫోన్ చేశాను. ఇద్దరం ఎక్కువ మాట్లాడలేకపోయాం. ఆ క్యాసెట్ ఇంకా ఉందా అని అడిగారు. టేపు నలిగిపోయింది, పెట్టె ఉంది అని చెప్పాను.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. కీళ్ళ నొప్పులతో వీణ ముట్టుకుని చాలా ఏళ్ళయింది. ఆదివారాలు పొద్దున్నే నేను 'నదియా'లోని మొదటి వరుసను వాయించుకుంటూ ఉంటాను. మొన్న కూడా, పేపర్ చదువుతున్న అమ్మ తల ఎత్తకుండానే, "ఆ చివరిది అందలేదు. తొందరపడకు, ఇంకాస్త లాగు," అంది.