ఇరవై గొంతులకు ఆరుగురు: నాలుగు పార్టుల క్వయర్, నా అనుభవం

నరసాపురం, పాలకొల్లు వైపు క్రిస్మస్‌కి చర్చి క్వయర్ (పాటల బృందం) చేత నాలుగు పార్టుల్లో, అంటే ఒకే పాటని ఒకేసారి నాలుగు వేరు వరసల్లో, పాడించాలంటే దసరా వెళ్ళిన వారమే పని మొదలుపెట్టాలి. నవంబరు వస్తే సార్వా కోతలు, ఆ వెనకే దాళ్వా నారుమళ్ళు. అప్పటికి పాట నోటికి రాకపోతే ఇక రాదు. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, పది వారాలు. మాకు సరిపోయిన లెక్క ఆరుగురు సొప్రానో (ఆడవాళ్ళ పై గొంతు), ఐదుగురు ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు), నలుగురు టెనర్ (మగవాళ్ళ పై గొంతు), ఐదుగురు బాస్ (మగవాళ్ళ కింది గొంతు). చెయ్యి ఊపే మాస్టారు ఒక్కరితో ఈ ఇరవై మందీ నిలబడరు. శృతి ఇచ్చే మనిషి ఒకరు, పార్టుకొక పెద్ద చొప్పున నలుగురు కావాలి, మాస్టారుతో కలిపి ఆరుగురు. ఈ ఐదుగురికీ ప్రతి పాటా ఒక వారం ముందే నేర్పి, ఆ తరవాతే మిగతావాళ్ళని పిలుస్తాను.

గొంతు బాగున్నవాళ్ళనే పార్టు పెద్దగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. గొంతు మరీ పెద్దదైతే మిగతావాళ్ళు దానికి ఆనుకుని పాడతారు. ఆ మనిషి రాని రోజున పార్టే ఉండదు. చూడాల్సింది చెవి. హార్మోనియం మీద స, గ, ప మూడూ కలిపి పట్టి, మధ్యది పాడమంటాను. చాలామందికి పై స్వరమే వినిపిస్తుంది. 'గ' విడదీసి పాడగలిగినవాళ్ళని ఆ స్వరం మీదే ఉండమని, పక్కన నేను ఇంకో వరస పాడతాను. కదలకుండా నిలబడితే వాళ్ళే ఆల్టోకి, టెనర్‌కి పెద్దలు.

"మాస్టారూ, మేం సొప్రానోలోకి వెళ్ళిపోతున్నామండీ" అని ఆల్టోవాళ్ళు అనని ప్రాక్టీసు ఉండదు. తప్పు వాళ్ళది కాదు. ఆల్టోకి చాలా పాటల్లో మూడు నాలుగు స్వరాలే ఉంటాయి, చెవి సొప్రానో పాడే అసలు వరస వైపు లాగేస్తుంది. అందుకే నేర్పే క్రమం తిప్పాను: ముందు ఆల్టో, తరవాత బాస్, టెనర్, అందరికన్నా చివర సొప్రానో. అసలు వరస చెవిన పడేలోపే ఆల్టో పాట ఆల్టోవాళ్ళ సొంతమైపోవాలి.

టెనర్‌కి మగవాళ్ళు దొరకడం అన్నిచోట్లా కష్టమే. కింది గొంతున్న ఆడవాళ్ళని ఒకరిద్దరిని కలపవచ్చు. కాని కీబోర్డు నడిమి 'సి' కింద ఉండే 'జి' దాటి దిగితే వాళ్ళ నాదం వినపడదు. కనీసం ఇద్దరు మగవాళ్ళు లేకుండా టెనర్ కట్టకూడదు.

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) నేర్పుతూ కూర్చుంటే పది వారాలూ దానికే పోతాయి. నాలుగు పార్టులూ సరిగమల్లోనే రాసి ఇస్తాను. ఇంగ్లండులో జాన్ కర్వెన్ 1840లలో వ్యాప్తిలోకి తెచ్చిన టానిక్ సోల్‌ఫా అనే డో-రే-మి పద్ధతిదీ ఇదే లెక్క: శృతి ఎక్కడికి మారినా ఆధార స్వరం పేరు మారదు.

అన్ని పాటల్నీ నాలుగు పార్టులు చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. తెలుగు క్రైస్తవ కీర్తనకారులు పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) లాంటివారి కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ముందు అది చూడాలి. శంకరాభరణం, మోహన, కీరవాణి అయితే పార్టులు ఒప్పుకుంటాయి. ఆనందభైరవి, తోడి లాంటివాటికి ఒప్పవు. వాటిల్లో ప్రాణమంతా గమకంలో (స్వరాన్ని ఊపడంలో) ఉంది. ఐదుగురు ఐదు రకాలుగా ఊపితే రాగమూ పోతుంది, పార్టూ పోతుంది. అలాంటి కీర్తన అందరూ ఒకే వరసలో పాడి, బాస్ మాత్రం స, ప పట్టుకుని ఉంటే నిండుగా ఉంటుంది.

మాటల దగ్గర ఎక్కువ సమయం పోయేది 'స్తుతి' లాంటి పదాల మీద. ఇరవై మంది ఇరవై క్షణాల్లో 'స్' అంటే ఉప్పెన వచ్చినట్టు బుస వినిపిస్తుంది. 'స్' తాళం దెబ్బకి ముందే అయిపోవాలి, 'తు'లోని ఉకారం సరిగ్గా దెబ్బ మీద పడాలి. 'స్' పార్టు పెద్దలు మాత్రమే పలకాలి, మిగతావాళ్ళు నేరుగా 'తు' అందుకోవాలి. వినేవాళ్ళకి తేడా తెలియదు, బుస మాత్రం మాయమవుతుంది.

శృతి జారడం ఇంకో బెడద. వాయిద్యం లేకుండా నాలుగు చరణాలు పాడేసరికి అర శృతి (కీబోర్డు మీద ఒక మీట) దిగిపోతుంది. దిగేటప్పుడు మెట్టు పెద్దదిగా, ఎక్కేటప్పుడు చిన్నదిగా వేయడం దీనికి ముఖ్యమైన కారణం. ఒకే స్వరం పదిసార్లు వచ్చినచోట ఊపిరి సడలడం ఇంకొకటి. ప్రాక్టీసులో శృతిపెట్టె పెట్టుకోవచ్చు, కాని ఆఖరి మూడు వారాలు ఆపేయాలి, లేకపోతే దానికే ఆనుకుంటారు. అప్పటికీ జారే పాటని అర శృతి పైకి ఎత్తి చూడండి, చాలాసార్లు నిలబడుతుంది.

శృతి ఇచ్చే మనిషికి హార్మోనియం గుణం తెలిసి ఉండాలి. తిత్తి గట్టిగా నొక్కితే రీడు స్వరం వెంట్రుకవాసి దిగుతుంది, కాబట్టి మెల్లగా నొక్కి ఇవ్వాలి. సముద్రపు తేమకి ఇత్తడి రీడ్లు చిలుం పడతాయి, సందులో దుమ్ము చేరితే రీడు మూగబోతుంది. పలచని కాగితం ముక్క రీడు కింద నుంచి మెల్లగా లాగితే చాలు, గోకితే శృతి మారిపోతుంది. కీబోర్డు అయితే ముందు వాయించినవాళ్ళు ట్రాన్స్‌పోజ్ (శృతి మార్చే) మీట ఒకటి పైకి పెట్టి వదిలేసి ఉంటారు. అది చూసుకోకుండా శృతి ఇస్తే పాట మధ్యలో సొప్రానో అరుపులవుతుంది. అందుకే జేబులో 440 ట్యూనింగ్ ఫోర్కు (కొడితే సెకనుకి 440 కంపనాల 'ఎ' స్వరం పలికే రెండు కొమ్ముల పుల్ల) ఉండి తీరాలి.

క్రిస్మస్ రాత్రి కరెంటు పోయినా ఆ ఫోర్కు చాలు. నాలుగో శృతి ('స' అంటే 'ఎఫ్') పాటకి ఫోర్కు పలికే 'ఎ' సరిగ్గా 'గ' అవుతుంది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, గ రి స అని లోపల దిగి, ఆధార స్వరం పట్టుకోవాలి. తరవాత నలుగురు పెద్దలకే వినపడేలా గ, స, కింది ప, కింది స అని వరసగా గొణిగి ఇవ్వాలి. వాళ్ళు నోరు మూసి మకారంతో తమ వరసకి అందిస్తారు. ఇరవై మందికీ చేరిందని పెద్దలు తలూపాకే మాస్టారు చెయ్యి ఎత్తాలి, ఎత్తిన చెయ్యి పాట నడకలోనే ఒక దెబ్బ ఊపిరి ఇవ్వాలి.