రికార్డు అట్ట మీద ఖర్చుల చిట్టా

వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసే రికార్డుల గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా ముందుగా వినిపించేది ఆ ధ్వనిలోని వెచ్చదనం సంగతే. ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను గానీ, సంగీత బృందాలు సొంతంగా వేసుకున్న పాత రికార్డుల విషయంలో అది అంతగా అతకదు; వాటిలో చాలావాటి ధ్వని గరుకుగా, హడావుడిగా ఉంటుంది. నన్ను వాటివైపు లాగింది పాటకన్నా ముందు ఒక అట్ట. 1978లో స్క్రిట్టి పొలిట్టి అనే లండన్ బృందం ‘స్కాంక్ బ్లాక్ బొలోనియా’ అనే పాటను సొంత లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీద ఏడంగుళాల రికార్డుగా విడుదల చేస్తూ, తయారీకి అయిన ఖర్చును పద్దులవారీగా అట్ట మీదే అచ్చువేసింది. కేంబ్రిడ్జి స్టూడియోలో 14 గంటలకు 98 పౌండ్లు, మాస్టర్ టేపులోని, అంటే మూల టేపులోని పాటను ల్యాకర్ పళ్లెం మీదికి గాడిగా కోయించినందుకు 40 పౌండ్లు, ప్రతి ఒక్కింటికి 13 పెన్నీల చొప్పున 2,500 ప్రతులు, రికార్డు మధ్యలో అంటించే తెల్ల కాగితపు లేబుళ్ల మీద కొట్టుకోవడానికి రబ్బరు స్టాంపుకు 8 పౌండ్లు. ఏ పని ఎవరి దగ్గర చేయించారో కూడా రాశారు. చవితి పందిరి పక్కన కమిటీవాళ్లు జమాఖర్చులు బోర్డు మీద రాసిపెట్టినట్టుగా, కొన్న ప్రతివాడి చేతికీ లెక్క అందింది. ఆ లెక్క చూసినవాడికి తానూ ఒక రికార్డు వేయగలనా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

రికార్డు తయారయ్యే క్రమం కూడా ఆ పద్దుల్లోనే ఉంది. ల్యాకర్ అనే పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద లేతు యంత్రం పాటను గాడిగా కోస్తుంది. దాని మీద లోహపు పూత పట్టించి, ఆ పూతను ఊడదీసి అచ్చులు చేస్తారు. రెండు అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్దను పెట్టి నొక్కితే రికార్డు వస్తుంది. కోతకూ పూతకూ అయ్యే ఖర్చు వంద ప్రతులు వేసినా వెయ్యి వేసినా ఇంచుమించు ఒకటే కాబట్టి, చేతిలో డబ్బులేని బృందానికి బరువంతా మొదటి ప్రతి దగ్గరే పడుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, స్క్రిట్టి పొలిట్టి రికార్డును అచ్చొత్తింది ‘పై రికార్డ్స్’ అనే పెద్ద కంపెనీ ఫ్యాక్టరీయే. డబ్బు కడితే ఎవరి పాటనైనా నొక్కి ఇస్తారన్న సంగతి అంతవరకూ కుర్రకారులో చాలామందికి తెలియదు, అంతే.

ఆ సంగతిని ముందుగా బయటపెట్టినవాళ్లలో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ ఒకటి. ఇంట్లోవాళ్ల దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌండ్లు అప్పు చేసి, 1976 డిసెంబరులో నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరుతో న్యూ హార్మోన్స్ అనే సొంత లేబుల్ మీద వెయ్యి ప్రతులు వేసుకున్నారు. అట్ట వెనుక ప్రతి పాట పక్కన అది ఎన్నో టేకులో, అంటే ఎన్నోసారి వాయించినప్పుడు కుదిరిందో, తరువాత అదనంగా గిటారు కలిపారో లేదో రాశారు: ఒకటి మూడో టేకు, మిగిలినవి మొదటివే. చివరికి ఆ రికార్డు దాదాపు 16,000 ప్రతులు అమ్ముడుపోయింది. అదే ఏడాది డెస్పరేట్ బైసికిల్స్ బృందం 153 పౌండ్లతో 500 ప్రతులు వేసి, ఖర్చు తగ్గించుకోవడానికి రెండు వైపులా అవే రెండు పాటలు పెట్టింది. పొదుపుకు అంతకన్నా ముచ్చటైన ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు. వచ్చిన డబ్బుతో వాళ్లు రెండో రికార్డు వేసుకున్నారు.

అయితే అచ్చొత్తిన పెట్టెలు మంచం కింద పడి ఉంటే ప్రయోజనం లేదు. 1976లో పశ్చిమ లండన్‌లో జెఫ్ ట్రావిస్ తెరిచిన రఫ్ ట్రేడ్ దుకాణం ఇలాంటి రికార్డులను బృందాల దగ్గర నేరుగా కొని, తక్కిన ఊళ్ల దుకాణాలకు పంపేది. 1978లో అదే ఒక లేబుల్‌ను కూడా మొదలుపెట్టి, ఖర్చులు పోగా మిగిలినదాన్ని బృందంతో చెరిసగం పంచుకుంది. పెద్ద కంపెనీల అండ లేని ఇలాంటి స్వతంత్ర సంగీతానికి వెన్నెముకగా నిలిచింది ఈ పంపిణీయే అని నా అభిప్రాయం. పాటగాళ్ల పేర్లు గుర్తుపెట్టుకున్నంతగా పార్సిళ్లు కట్టినవాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

క్యాసెట్‌కు ఆ మొదటి ప్రతి బరువు కూడా లేదు. ల్యాకర్ అక్కరలేదు, అచ్చులు అక్కరలేదు. రెండు క్యాసెట్లు పట్టే డెక్ ఒకటుంటే ఇల్లే ఫ్యాక్టరీ. గద్దర్, జననాట్యమండలి పాటలు ఊళ్లకు క్యాసెట్లలో చేరిన తీరు చూసినవారికి, చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ షాపుల చుట్టూ తిరిగినవారికి ఈ సౌలభ్యాన్ని వేరే వివరించనక్కరలేదు. అమెరికాలో డేనియల్ జాన్‌స్టన్ అనే పాటగాడి కథ దీనికి కొసమెరుపు. మామూలు టేపు రికార్డరులో పాడుకున్న తన పాటలకు నకలు తీసే సాధనం లేక, తొలిరోజుల్లో ఎవరైనా క్యాసెట్ అడిగితే పాటలన్నీ మళ్లీ మొదటినుంచి పాడి రికార్డు చేసి ఇచ్చేవాడు. 1983లో వచ్చిన ‘హాయ్, హౌ ఆర్ యూ’ అనే క్యాసెట్‌కు ముఖచిత్రం కూడా ఆయనే గీశాడు, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ, ఎదురైనవారికల్లా తన క్యాసెట్లు పంచిపెట్టేవాడు.

ఇప్పటి పరిస్థితి వేరు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బానింగ్‌లో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయాక, ల్యాకర్ పళ్లేలకు ప్రపంచమంతా జపాన్‌లోని ఒక్క కంపెనీ మీదనే ఆధారపడవలసి వచ్చింది. ఆ పైన గిరాకీ పెరగడంతో పెద్ద కంపెనీలు పాత ఆల్బమ్‌లనే మళ్లీ అచ్చుకు పంపాయి, చిన్న లేబుళ్లు ఆ వరుసలో నెలల తరబడి నిలబడ్డాయి. ఒకే రికార్డును నాలుగైదు రంగుల్లో వేసి ‘పరిమిత ప్రతులు’ అని అంటించే పద్ధతి నాకు మింగుడుపడదు. రంగు మారినంత మాత్రాన గాడిలోని పాట మారదు. అందుకే యాభై, వంద ప్రతులతో సరిపెట్టుకునే బృందాలు తిరిగి క్యాసెట్ వైపు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ప్లేయర్ లేనివాళ్లు కూడా క్యాసెట్లు కొని, పాటలను మాత్రం ఫోనులో వింటున్నారని ఎగతాళి చేసేవారున్నారు. నాకు అందులో తప్పేమీ కనబడదు. ఆన్‌లైన్‌లో వేల సార్లు విన్నా బృందానికి రాని డబ్బు ఒక్క క్యాసెట్ అమ్మకంలో వస్తుంది, డెస్పరేట్ బైసికిల్స్‌కు వచ్చినట్టే తరువాతి విడుదలకు పెట్టుబడీ అవుతుంది.